లస్కరు అనే పేరు

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ ముందు ఆటో దిగుతున్నాను. డ్రైవరు ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. "ఆదివారం కిరాయికి రానన్నా, లష్కర్ బోనాలున్నయ్."

కూరల సంచీ చేత్తో పట్టుకుని గేటు దగ్గరే కాసేపు నిలబడిపోయాను.

మా అమ్మాయి ఉద్యోగం ఇక్కడ సికింద్రాబాదులో. నిరుడు నన్ను కూడా తెచ్చుకుంది. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే వస్తుంది. పగలంతా నేను, ఎదుటి బిల్డింగు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. కింది ఇంట్లో ఉర్దూ టీచరుగా చేసి రిటైరైన ఆవిడ ఉంటారు. నాతో నాలుగు మాటలు మాట్లాడేది ఆవిడొక్కరే. సాయంత్రం మెట్లు దిగి వెళ్ళి అడిగాను, లష్కర్ అంటే ఏంటండీ అని.

"ఫౌజమ్మా, సైన్యం. ఫార్సీ మాట. ఇంగ్లీషోళ్ళ దండు ఇక్కడ దిగింది గదా, అందుకే పాతోళ్ళంతా సికింద్రాబాద్‌ని లష్కర్ అంటరు. ఎందుకడిగినవ్?"

"మా తాతగారిని లస్కరు అనేవారండీ."

"మిలటరీల చేసిండా?"

"లేదండీ. మా గోదారి కాలవల మీద లాకులుంటాయి. వాటి తలుపులు తీసేవారు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "అదే మాటమ్మా అది," అన్నారు. "ముందు ఫౌజంతటికీ పేరు. తర్వాత ఫౌజు వెంబడి డేరాలు మోసేటోనికి, ఫిరంగి తోపులు గుంజేటోనికి. తెల్లోళ్ళ ఓడలల్ల పనిచేసే మనోళ్ళకి గూడ అదే పేరు. మొత్తం సైన్యానికున్న పేరు చివరికి కూలోనికి మిగిలింది, చూడు."

ఆవిడ చెప్పిన అర్థాలన్నీ నేను ఎప్పుడో విన్నవే. ఒకే ఏడాదిలో, ఒకే కాలువ గట్టు మీద విన్నాను. ఇన్నేళ్ళూ అవి నాలో ఎక్కడ పడి ఉన్నాయో తెలీదు. మెట్లెక్కి పైకి వచ్చేసరికి వంటింట్లో నాకు తారు వాసన వేసింది. తారు, దానితో కలిసి ఎండు కొబ్బరి పీచు వాసన.

అది మా అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసిన ఏడాది. రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చారు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదన్నారు. నాన్న అమ్మ దగ్గరే ఉండిపోవలసి వచ్చి, నన్ను తాత దగ్గర దింపి వెళ్ళాడు. తాత అంటే అమ్మకి నాన్న. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. తాత లాకుల దగ్గర గవర్నమెంటువాళ్ళిచ్చిన పెంకుటింట్లో ఒక్కడే ఉండేవాడు. ఒక గది, ఒక వసారా, వెనక వంట చేసుకునే పంచ. ముందు కాలువ, వెనక చేలు. ఊరు ఎక్కడో గట్టు చివర చెట్ల వెనక ఉండేది. సాయంత్రమయ్యేసరికి ఊళ్ళో పొయ్యిల పొగ లేచి చెట్ల మీద పరుచుకునేది. దాన్ని చూస్తే అక్కడ బోలెడంతమంది మనుషులున్నారని తెలిసేది. మా వైపు తాత చుట్ట పొగ ఒక్కటే.

తాత మాట్లాడే మనిషి కాదు. అన్నం వండేవాడు, ఆవకాయ కలిపి ముద్దలు చేసి పెట్టేవాడు, తలకి నూనె రాసేవాడు. జడ వెయ్యడం రాదు. వెనక ఒక తాడు పేనినట్టు పేని రిబ్బను కట్టేవాడు. అది బడికి చేరేలోపల ఊడిపోయేది.

అందరూ ఆయన్ని లస్కరు గారు అనే పిలిచేవారు. చేలవాళ్ళు, పాలు పోసే ఆవిడ, సైకిలు మీద పోయే పోస్టుమాన్, అందరూ. నన్ను లస్కరు గారి మనవరాలు అనేవారు. అది ఆయన పేరనే నేననుకున్నాను. ఊళ్ళో బడిలో చేర్చుకున్న రోజు మేష్టారు అడిగారు.

"మీ తాతగారి పేరేంటమ్మా?"

"లస్కరండి."

పిల్లలు గొల్లుమన్నారు. మేష్టారు బల్ల మీద బెత్తంతో కొట్టి, "అది ఆయన ఉద్యోగం. పేరు చెప్పు," అన్నారు. నాకు తెలీదు. ఆయన మిగతా పిల్లల వైపు చూశారు. వాళ్ళకీ తెలీదు. ఆయన కాసేపు ఆలోచించి, తనకీ తెలీదని గుర్తొచ్చినట్టుంది, "సరే, కూర్చో" అన్నారు. పెద్దవాళ్ళ పేర్లు అడగకూడదని అమ్మ నేర్పింది. కాబట్టి ఇంటికి వెళ్ళి తాతని అడగలేదు. ఆ రోజు నుంచి బడిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదని చెప్పను గానీ, కూర్చున్నవాళ్ళు నన్ను చూస్తే నవ్వేవారు. నేను గబగబా గట్టు పట్టుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.

లాకుల సంగతి ఇప్పటివాళ్ళకి చెప్పాలి. కాలువ ఎగువన ఎత్తుగా, దిగువన పల్లంగా ఉన్నచోట పడవ ఎక్కడానికి కట్టినవి అవి. రాతి గోడల మధ్య పెద్ద తొట్టిలాంటిది. దానికి రెండు వైపులా తలుపులు. దిగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి రాగానే తాత వెనక తలుపులు మూసి, చక్రం తిప్పి ఎగువ నీళ్ళు వదిలేవాడు. తొట్టి నిండేకొద్దీ పడవ పైకి లేచేది. నీళ్ళు రెండు వైపులా సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకునేవి. తలుపుకి పొడుగాటి దూలం ఉండేది. తాత దానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వెనక్కి నడిచేవాడు. అప్పటికే లారీలొచ్చి పడవలు తగ్గాయి. అయినా పాలకొల్లు నుంచి కొబ్బరికాయలతో కొన్ని పడవలు ఇంకా వస్తూ ఉండేవి. మలుపు తిరగగానే, "లస్కరు గారో... తలుపులండో..." అని కేక వేసేవారు. ఆ కేక వింటే నేను పలకా బలపం వదిలేసి పరుగెత్తేదాన్ని.

ఆ పడవల్లో ఒకదానిలో నా యీడు పిల్ల ఉండేది.

వాళ్ళకి పడవే ఇల్లు. నాన్న, అమ్మ, మామ్మ, ఒక చంటి తమ్ముడు. తమ్ముడు నీళ్ళలో పడకుండా నడుముకి తాడు కట్టి, దాని కొస తెరచాప కొయ్యకి ముడివేసేవారు. నేను తొట్టి అంచున రాళ్ళ మీద బోర్లా పడుకుని కిందికి చూసేదాన్ని. అడుగున ఎక్కడో ఆమె తల కనపడేది. నీళ్ళు సుళ్ళు తిరుగుతూ నిండేవి. తారు వాసన, ఎండు చేప వాసన, కొబ్బరి పీచు వాసన ముందు పైకి వచ్చేవి. తర్వాత ఆమె వచ్చేది. పాపిడి, కళ్ళు, పళ్ళు. మొహాలు ఎదురెదురుగా వచ్చేసరికి నేను జామకాయ ఇచ్చేదాన్ని. ఆమె ఆకులో కట్టిన వేయించిన రొయ్యపప్పు ఇచ్చేది. గబగబా మాట్లాడుకునేవాళ్ళం. ఇంతలో తలుపులు తెరుచుకునేవి. పడవ వెళ్ళిపోయేది.

తిరుగు ప్రయాణంలో అంతా ఇందుకు ఎదురు. మొదట ఎదురెదురుగా ఉండేవాళ్ళం. నీళ్ళు దిగేకొద్దీ ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూనే కిందికి వెళ్ళిపోయేది. చివరికి గోడలకి కొట్టుకుని గొంతు మాత్రమే వచ్చేది.

ఒకసారి ఆమె, "మొన్న మా తమ్ముడు తాడూడిపోయి కాలవలో పడిపోయాడు. మా నాన్న దూకి..." అంటుండగా తలుపులు తెరుచుకున్నాయి. పడవ సాగిపోయింది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. వాడు బతికాడో లేదో తెలీదు. తాతని అడిగితే, "నేను చూళ్ళేదమ్మడూ" అన్నాడు. పడవ మళ్ళీ వచ్చినప్పుడు చూస్తే వాడు కొయ్యకి కట్టేసి ఉన్నాడు, చేతిలో బెల్లం ముక్క. నాకు ఏడుపొచ్చింది. "దేనికేడుత్తన్నావే?" అని ఆమె ఒకటే నవ్వు. చెప్పిన సంగతి ఆమెకే గుర్తులేదు.

ఒకరోజు తాతని బతిమాలాను. "తాతా, ఈసారి నీళ్ళు మెల్లిగా వదులు." తాత విననట్టే చక్రం దగ్గరికి వెళ్ళాడు. కానీ దాన్ని కొంచెమే తిప్పి ఆపాడు. నీళ్ళు సన్నగా వచ్చాయి. పడవ ఒక పట్టాన లేవదు. కింద నుంచి వాళ్ళ నాన్న కేకేశాడు.

"లస్కరు గారూ, ఏంటండీ ఇయ్యాల ఇంత నిమ్మళం? తుప్పట్టిందాండీ?"

"ఆఁ, తుప్పు పట్టిందయ్యా," అన్నాడు తాత నా వైపు చూడకుండా.

మాకు దెబ్బలాట వచ్చింది ఈ మాట మీదే.

"మీ తాత లస్కరేంటి? మా తాత లస్కరు," అంది ఆమె.

"కాదు, మా తాతే. అందరూ అలాగే పిలుస్తారు, కావాలంటే అడుగు."

"లస్కరంటే ఓడల్లో పనిసేసేవోడు. మా మామ్మ సెప్పింది. మా తాత కాకినాడ కాడ ఓడెక్కి రంగూనెల్లాడు."

"మరి ఇప్పుడేడీ?"

"ఇంకా రాలేదు."

సంతకి వెళ్ళి ఇంకా రాలేదన్నట్టు చెప్పింది. మామ్మ వెనక చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. "రాకపోతే లస్కరెలా అవుతాడు? మా తాత రోజూ ఇక్కడే ఉన్నాడు," అన్నాను నేను. ఆమెకి కోపం వచ్చింది. తర్వాతిసారి పడవ పైకి లేచినంతసేపూ అటు తిరిగి కూర్చుంది. నాకు ఆమె జడ మాత్రమే కనపడింది. ఎంత చక్కగా అల్లి ఉందో ఆ జడ. నేను జామకాయ ఆమె ఒళ్ళోకి విసిరాను. ఆమె అటు తిరిగే కొరికి తింది. దాంతో దెబ్బలాట తీరిపోయింది.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక ఎండాకాలంలో కాలువకి నీళ్ళు కట్టేస్తారు. మరమ్మతులకి, పూడిక తీయడానికి. కట్టేసే ముందు చివరి పడవలు తొందరపడుతూ పోతాయి. వాళ్ళ పడవ ఆ చివరి రోజుల్లోనే వచ్చింది. మలుపు దగ్గర ఈదురుగాలి ఎత్తుకుంది. లాకు మొదట్లో ఉన్న రాతి గోడకి పడవ ముక్కు వచ్చి కొట్టుకుంది. పలకలు విరిగిన చప్పుడు నాకు వసారాలోకి వినపడింది. తాత గట్టు దిగి నడుములోతు నీళ్ళలో నిలబడి, ముందు తమ్ముడిని అందుకున్నాడు. తర్వాత మామ్మని. కొబ్బరికాయలన్నీ గట్టు మీదికి చేరేసరికి పడవ సగం మునిగింది. కొద్ది రోజుల్లోనే కాలువలో నీళ్ళు దిగిపోయాయి. పడవ ఒక పక్కకి ఒరిగి బురదలో కూర్చుండిపోయింది. కొబ్బరికాయలని పాలకొల్లు షావుకారు లారీ పంపించి ఎత్తించుకున్నాడు. పడవ కూడా ఆయనదే. దాని సంగతి తర్వాత చెప్తానన్నాడట.

ఆ విధంగా వాళ్ళు మా దగ్గర ఉండిపోయారు. లాకుల పక్కన చెక్కలు దాచే షెడ్డు ఉంటే తాత ఖాళీ చేసి ఇచ్చాడు.

అప్పటిదాకా నేను ఆ పిల్ల పాదాలు చూడలేదు. ఎప్పుడూ పడవ అంచు మీద నుంచి మొహమే చూశాను. నేల మీద ఆమె కొంచెం కాళ్ళు ఎడంగా పెట్టి నడిచేది. తొక్కుడుబిళ్ళ ఆడటం రాదు, నేను నేర్పాను. ఆమె నాకు ఎండిన కాలువలో గుంటల్లో మిగిలిన నీళ్ళని తోడి చేపలు పట్టడం నేర్పింది. కొరమీను బురదలో ఉంటే పైన చిన్న బుడగ వస్తుంది. దాని పక్కన కాక, దాని ముందు చెయ్యి పెట్టాలి. కాలువ అడుగంతా నత్తగుల్లలు, ఎండకి పగిలిన బురద, కుళ్ళిన నాచు వాసన. మామ్మ పచ్చిమామిడికాయ వేసి చేపల పులుసు పెట్టేది. తాత మొదట మొహమాటపడ్డాడు. తర్వాత పొద్దువాలగానే తనే కంచం పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చేవాడు. మామ్మ నాకు రోజూ తలదువ్వి జడ వేసేది. బడికి సెలవులు కాబట్టి చూసేవాళ్ళు లేరు. అయినా నేను మాటిమాటికీ జడ ముందుకు వేసుకుని చూసుకునేదాన్ని.

మధ్యాహ్నాలు ఒరిగిపోయిన పడవలో పడుకునేవాళ్ళం. అన్నీ ఒక పక్కకి దొర్లిపోయేవి. మేము కూడా దొర్లేవాళ్ళం. "ఈ ఏడు కాలవొదలకపోతే బాగుణ్ణు," అంది ఆమె ఒకసారి. "మీ నాన్న వింటే తంతాడు," అన్నాను. వాళ్ళ నాన్న రోజంతా విరిగిన పలకల దగ్గరే కూర్చునేవాడు. చెయ్యి వేసి తడిమేవాడు. షావుకారు చెక్కా తారూ ఇస్తే తనే బాగు చేసుకుంటానని చెప్పడానికి పాలకొల్లు నడిచి వెళ్ళేవాడు. ఇవాళ కాదు, తర్వాత రమ్మన్నారని తిరిగి వచ్చేవాడు. పిన్ని, అంటే ఆ పిల్ల అమ్మ, ఏమీ అడక్కుండా ఆయన కాళ్ళకి నీళ్ళిచ్చేది.

ఒకరోజు సూపర్‌వైజరు గారు లాకుల మరమ్మతు చూడటానికి జీపులో వచ్చారు. పెద్ద మీసాలు, ఎండలో కూడా బూట్లు. ఆ ఉద్యోగానికి రాకముందు మిలటరీలో చేశారని అనేవారు. పడవని చూసి చిరాకుపడ్డారు.

"ఇదేంటి లస్కరూ, పనికి అడ్డం కాదా? విప్పించి పారేయించు."

తాత తువ్వాలు చేతుల్లోకి తీసుకున్నాడు. "పై తలుపుల దగ్గర పని మొదలెట్టుకోవచ్చండి. కింద వైపు ఆఖర్న చేసుకోవచ్చండి. ఈలోగా వాళ్ళేదో చేసుకుంటారండి."

ఆయన కాసేపు మీసం దువ్వుకుని, సరే అలాగే కానీ అన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని కొబ్బరిబోండం తాగుతుంటే మేమిద్దరం దూరంగా నిలబడి చూస్తున్నాం. ఆ పిల్లకి భయం లేదు. ముందుకు వెళ్ళి అడిగేసింది.

"సారండీ, లస్కరంటే ఓడలోవోడాండీ, లాకుల కాడోడాండీ?"

ఆయన గట్టిగా నవ్వారు. "ఇద్దరూ కాదు. లష్కర్ అంటే సైన్యం. ఒక మనిషి కాదు. గుర్రాలు, ఫిరంగులు, డేరాలు, వంటవాళ్ళు, అంతా కలిపి లష్కర్. మేం మిలటరీలో ఉండగా సామాను మోసేవాళ్ళని లస్కర్లనేవాళ్ళు. ఓడలవాళ్ళకీ అక్కణ్ణుంచే వచ్చింది, మన డిపార్ట్‌మెంటుకీ అక్కణ్ణుంచే వచ్చింది." తర్వాత తాత వైపు తిరిగి, "విన్నావా లస్కరూ, పేరుకి సైన్యానివి. చూస్తే ఒక్కడివి," అన్నారు.

"అవునండి," అన్నాడు తాత.

ఆయన మాటలో వెటకారం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. తాత మొహంలో మాత్రం ఏమీ కనపడలేదు. బోండంలో లేత కొబ్బరి గీకి ఆయనకి అందించాడు.

మాకు మాత్రం ఆ మాట పండగైంది. ఎండిన కాలువలో తమ్ముడిని ముందు పెట్టి, కొబ్బరిమట్టలు భుజాన వేసుకుని కవాతు చేశాం. తాత కనపడితే, "సైన్యం గారండో..." అని అరిచేవాళ్ళం. తాత నవ్వి, చుట్ట తీసి, నుదుటి దగ్గర చెయ్యి పెట్టేవాడు. ఆయన అలా ఆడటం నేను మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రమే అనుకుంటాను, ఆ పిల్ల మామ్మ దగ్గరికి పరుగెత్తింది. మామ్మ షెడ్డు ముందు పొయ్యి ఊదుతోంది.

"మామ్మా, లస్కరంటే ఒక్కడు కాదంటే. సైన్యమంట. తాత రంగూన్లో ఒక్కడే లేడే. కూడా బోల్డుమందున్నారు."

మామ్మ ఊదడం ఆపింది. పొగకి కళ్ళు నులుముకుంది.

"అంతమందెల్తే," అంది, "ఒక్కడన్నా తిరిగి రావాల గదే."

మళ్ళీ వంగి పొయ్యి ఊదింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని పడవ దగ్గరికి లాక్కుపోయింది. చీకటి పడేదాకా ఒరిగిన అంచు మీద కూర్చున్నాం. మాట్లాడుకోలేదు. మాకు అంత తీరిక ఉండటం, మాట్లాడుకోకపోవడం, రెండూ అదే మొదటిసారి.

షావుకారు చెక్క ఇవ్వలేదు. రెండో లారీ కొన్నాడట. ఇంక పడవెందుకు, విప్పి కలప అమ్మెయ్యమన్నాడట. ఆ కబురు ఆయన చెప్పలేదు. గొడ్డళ్ళు పట్టుకుని వచ్చిన మనుషులు చెప్పారు. ఆ పిల్ల నాన్న విరిగిన పలకల దగ్గర లేచి నిలబడ్డాడు. తాత వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, "ఇంకో వారం ఆగకూడదాండీ?" అన్నాడు. "మాదేముందండీ లస్కరు గారూ, చెప్పింది చెయ్యడమే గదండీ," అన్నారు వాళ్ళు.

మామ్మ లేచి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. "ఒక్క పూట ఆగండి బాబూ. అందులో వండుకుని తింటాం," అంది.

వాళ్ళు మొహాలు చూసుకుని, వెళ్ళి చెట్టు నీడన కూర్చున్నారు. మామ్మ పడవలోనే పొయ్యి వెలిగించింది. పొయ్యి కింద ఒక పక్క ఇటుక ముక్క పెట్టి సమం చేసింది. పప్పులో మామిడికాయ వేసింది. ఎండు చేప కాల్చింది. ఆ గొడ్డళ్ళవాళ్ళని కూడా పిలిచింది. అందరం ఆ ఒరిగిన పడవలోనే కంచాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. పప్పు ఒక పక్కకి కారిపోతుంటే ఎవరూ నవ్వలేదు. తాత అన్నం తింటూ, పక్కనున్న పలక మీద అరచెయ్యి వేసి, అలాగే ఉంచాడు.

మధ్యాహ్నం నుంచి గొడ్డళ్ళ చప్పుడు. పిన్ని తమ్ముడిని ఎత్తుకుని చేల వైపు వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న మాత్రం అక్కడే ఉన్నాడు. ఏ పలక ఎటు నుంచి విప్పితే తేలిగ్గా వస్తుందో వాళ్ళకి చెప్తూ ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న ఎడ్లబండిలో రోడ్డు దాకా వెళ్ళి అక్కడ బస్సెక్కాలి. పిన్ని పుట్టిల్లు ఉప్పాడ దగ్గర. అక్కడ వలలు లాగే పని దొరుకుతుందన్నారు. బండిలో మూటలు, కుండలు, మడత పెట్టిన తెరచాప. ఆ పిల్ల వెనకాల కాళ్ళు వేలాడేసి కూర్చుంది.

"అక్కడ సముద్రమొడ్డునే ఇల్లంట," అంది. "పెద్ద అలలొస్తే గడప దాకా వచ్చేత్తాయంట."

"లాకులుంటాయా?"

"సముద్రానికి లాకులుండవంట. మా నాన్ననడిగితే సెప్పాడు."

"మరి నీళ్ళని ఎవరాపుతారు?"

"ఎవరూ ఆపరంట."

బండి కదిలింది. నేను కొంతదూరం వెనకాల నడిచాను. ఆమె ఈసారి పైకి లేవలేదు, కిందికి దిగలేదు. గట్టు మీద నేరుగా దూరమైపోయి చిన్నదైపోయింది. ఆ తర్వాత ఆమె సంగతి నాకేమీ తెలీదు. ఉప్పాడలో సముద్రం ఇళ్ళని తీసుకుపోయిందని పేపర్లో ఎప్పుడు పడినా, ఆ ఫొటోలో ఆడవాళ్ళ మొహాలు చూస్తాను. నా వయసు ముసలమ్మల్లో ఆ పిల్లని ఎలా పోల్చుకోగలను?

వాళ్ళు వెళ్ళాక షెడ్డులో తాత మళ్ళీ చెక్కలు సర్దాడు. నా జడ మళ్ళీ తాడు పేనినట్టు అయింది. తొలకరి పడ్డాక కాలువ వదిలారు. మొదటి నీళ్ళు ఎర్రగా, నురుగుతో, ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చాయి. మేము చేపలు పట్టిన గుంటలు, కవాతు చేసిన అడుగులు, పడవ ఒరిగిన గుంట, అన్నీ నిండిపోయాయి. పడవలు ఒకటీ అరా వచ్చేవి. కేక వినగానే పరుగెత్తి బోర్లా పడుకుని కిందికి చూసేదాన్ని. ఎవరో ఒక మగమనిషి చుట్ట కాలుస్తూ పైకి లేచేవాడు. తర్వాత్తర్వాత పరుగెత్తడం మానేశాను.

పడవలేవీ రాని ఒక పొద్దున తాత దూలానికి గ్రీజు రాస్తున్నాడు. నేను పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఏమనిపించిందో, అడిగాను.

"తాతా, నీ పేరేంటి?"

తాత చెయ్యి ఆగింది. "ఎందుకమ్మడూ?"

"బడిలో అడిగారు."

బడిలో అడిగి అప్పటికి చాలా కాలమైంది. తాత గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఎవరిదో పేరు గుర్తు తెచ్చుకుని చెప్తున్నట్టు మెల్లిగా చెప్పాడు.

"మా అమ్మ పిలిచేది," అన్నాడు. "ఆవిడ పోయింది. మీ అమ్మమ్మ నా పేరు పలికేది కాదుగా. ఉద్యోగంలో చేరాక లస్కరే." మళ్ళీ కాసేపటికి, నా వైపు చూడకుండా అన్నాడు. "ఏదీ, ఒకసారి పిలువు."

"తప్పు కదా తాతా?"

"వినడానికి ఎవరున్నారిక్కడ?"

నేను తలుపుల మీద నడిచే చెక్క మీదుగా అవతలి గట్టుకి వెళ్ళాను. నీళ్ళకి అడ్డంగా, గొంతెత్తి, చివర దీర్ఘం తీసి పిలిచాను. అమ్మలు ఆటల్లో ఉన్న పిల్లల్ని అన్నానికి పిలిచేట్టు పిలిచాను.

తాత చటుక్కున తలెత్తాడు. "ఓయ్, వస్తన్నా!" అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు. ఎవరో కుర్రాడిది. అన్నాక తనే బిత్తరపోయి, దూలం మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను ఇంకోసారి పిలిచాను. ఈసారి పలకలేదు. వింటున్నాడు.

దసరాకి ముందు అమ్మ కోలుకుంది. రవికె భుజాల మీద నుంచి జారిపోతుంటే వచ్చి, నన్ను తీసుకెళ్ళింది. తాత చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాడు. పడవలు పూర్తిగా ఆగిపోయాక కూడా తలుపులకి గ్రీజు రాస్తూనే ఉన్నాడట. రిటైరైనా ఆ ఇంట్లోంచి కదలనన్నాడు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినాయన వెనక పంచ ఆయనకి వదిలేశాడు. అక్కడే పోయాడు. మాకు కబురు తెచ్చిన మనిషి కూడా, "లస్కరు గారు పోయారండి," అన్నాడు.

నాకప్పటికి పెళ్ళై కొత్త. అందరం వెళ్ళాం. చేలవాళ్ళు చాలామంది వచ్చారు. గట్టు పొడుగునా తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని నిలబడ్డారు. పురోహితుడు దర్భ సర్దుకుంటూ పోయినాయన పేరు అడిగాడు. గట్టు మీదవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ నోరు తెరిచింది గానీ ఏడుపు తప్ప మాట రాలేదు.

నేను చెప్పాను. పురోహితుడికి వినపడలేదు. అందుకని రెండోసారి గట్టిగా చెప్పాను.

నా వెనకాల నిలబడ్డ ఒకాయన పక్కాయన్ని నెమ్మదిగా అడగడం వినపడింది.

"ఎవరి పేరండీ అది?"